పాత రివాల్వర్, మూడో రూలు

రైఫిల్ క్లబ్ రేంజ్‌లో చేతులు మారిన ఓ చిన్న .22 రివాల్వర్ పేల్చి చూశాను. రిమ్‌ఫైర్ తూటా కదా, నిప్పంటుకునే మందు అడుగు అంచులోనే ఉంటుంది. వెనక్కి తన్నేది తక్కువే, ట్రిగ్గరే బిగువు. ఆరింటిలో రెండే కాగితానికి తగిలాయి. గురి కుదరాలంటే నెలల సాధన, తూటాల ఖర్చు. కూలికెళ్లే వాడకు ఇదా రక్షణ?

మిత్రులారా, కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన 1995 అట్రాసిటీ రూల్స్‌లో 3వ రూలు చదవండి. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆయుధాలు ప్రభుత్వానికి జమ చేయించాలని ముందుంది. అవసరమనుకుంటే మనకు లైసెన్సులివ్వాలన్నది ఆ తర్వాత. మన డిమాండ్ కూడా అదే వరుసలో ఉండాలి: ముందు వాళ్ల చేతిలోది దింపించండి. కలెక్టర్‌కు రాసే అర్జీలో ఈ రూలు నంబరు వేయండి.

జై భీమ్.