బుల్లెట్టు టాపెట్లు, నా వేళ్ళు

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇడ్లీపిండి గిన్నె కంటే ముందు బయటికొచ్చేది పానాల డబ్బా. పెళ్ళయిన కొత్తలో ఇదేం మనిషిరా బాబూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ డబ్బా తీస్తున్నది నేనే. అదెలా జరిగిందో చెప్తాను.

ఆ బుల్లెట్టు మా మావయ్యగారు కొన్నది. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత 350. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మేసి స్కూటీ కొనుక్కోండి నాన్నా" అంటాడు. ఆ మాట అన్న రోజు మావారు వాడితో ఇంకేం మాట్లాడరు. మావయ్యగారి తద్దినం ఎంత నిష్ఠగా పెడతారో, ఈ బండి టాపెట్లు అంత నిష్ఠగా సరిచూసుకుంటారు.

టాపెట్లంటే ఏంటో నాకూ ముప్ఫై ఏళ్ళు తెలీదు. ఇంజనులోకి గాలీ పెట్రోలూ వచ్చే తలుపొకటి, కాలిన పొగ పోయే తలుపొకటి ఉంటాయి. అవే వాల్వులు. కింద నుంచి రెండు సన్నటి రాడ్లు పైకి తోస్తే అవి తెరుచుకుంటాయి. ఆ తోసే చోట వెంట్రుకవాసి వదులుండాలి. వదులు ఎక్కువైతే టకటకమని చప్పుడు. అసలు లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి మంట తన్నుకొచ్చి దాని అంచుని కాల్చేస్తుంది. వేరే బళ్ళకి ఈ వదులు కొలవడానికి 0.05, 0.10 అని అంకెలు చెక్కిన రేకుల గుత్తి ఉంటుంది, ఫీలర్ గేజి అంటారు. మా పాత బుల్లెట్టుకి ఆ రేకులతో పనిలేదు. కొలత వేళ్ళే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రాడ్డుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎగ్జాస్టు రాడ్డు ఇంకో రవ్వ వదులు, ఆ వాల్వుకి వేడెక్కువ కాబట్టి.

కిందటేడు కార్తీకమాసంలో మావారు టాపెట్లు బిగించాక బండి ఎప్పుడూ లేనంత నెమ్మదైపోయింది. "విన్నావా, కుట్టుమిషనులా ఉంది" అని మురిసిపోయారు. మాఘమాసంలో రావులపాలెంలో పెళ్ళికి బయల్దేరాం. జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి సైలెన్సరు ఫట్‌మంది, బండి ఆగిపోయింది. నేను పట్టుచీరలో, చేతిలో చదివింపుల కవరుతో వంతెన మీద నిలబడ్డాను. ఆయన కిక్కు కొడుతుంటే రాడ్డు మెత్తగా అలా కిందికి దిగిపోతోంది. మామూలుగా అయితే మనిషిని ఎత్తి పడేసే కిక్కు అది! చల్లారాక ఎలాగో స్టార్టయింది. పెళ్ళికి వెళ్ళలేదు, వెనక్కొచ్చేశాం.

మెకానిక్ విప్పి చూస్తే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలిపోయి ఉంది. "టాపెట్లు ఎవరు పెట్టారండీ? మరీ బిగించేశారు" అన్నాడు. మావారు రోడ్డు వైపు చూస్తూ "పానా జారుంటుంది" అన్నారు. నలభై ఏళ్ళలో ఆయన చేతిలో పానా జారడం నేను చూళ్ళేదు. పెద్దాయన మాట అబద్ధమనలేక కాబోలు, మెకానిక్ నావైపు తిరిగాడు. "చప్పుడు చేసే టాపెట్‌తో భయం లేదమ్మా. నోరు మూసుకుని కూర్చున్నదే కొంప ముంచుతుంది."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నేను కొంగుతో పట్టుకుని దించిన పాలగ్లాసుని ఆయన ఒట్టి చేత్తో అందుకున్నారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడుతున్నారు. చిల్లర జేబులోంచి మొత్తం తీసి చూసుకుంటేగానీ రూపాయేదో రెండు రూపాయలేదో తెలియట్లేదు. ఒకరోజు ఒక కాలికే చెప్పుతో ఇంట్లోకొచ్చారు, రెండోది వీధి గుమ్మంలోనే ఊడిపోయింది, తెలియలేదు. ఈయనకి షుగరు వచ్చి పదకొండేళ్ళు. ఇన్నిటినీ వయసు, మతిమరుపు అని నేనే సర్దేసుకున్నాను.

అడిగితే మండిపడ్డారు. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడో రాత్రి లైటు తీసేశాక ఆయనే అన్నారు. "ఆ రాడ్డు తిరుగుతోందో లేదో తెలియలేదే. తిరుగుతోందనుకున్నాను."

డాక్టరుగారు కళ్ళు మూసుకోమని చెప్పి సన్నటి నైలాను తీగ అరికాళ్ళకి ఆనించి "తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నారు. ఈయన "ఆఁ... ఆఁ" అంటూనే ఉన్నారు, డాక్టరుగారు తీగ పైకి తీసేశాక కూడా. నేనక్కడే కూర్చుని చూస్తున్నాను. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే ముందు పాదాల్లో, తర్వాత చేతివేళ్ళలో స్పర్శ పోతుందట. పోయింది తిరిగి రావడం కష్టమనీ, ఉన్నది కాపాడుకోవాలనీ, షుగరు అదుపులో పెట్టి రోజూ పాదాలు చూసుకోవాలనీ, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలనీ చెప్పారు. బయటికొచ్చాక ఈయన అడిగిన మొదటి ప్రశ్న: "బండి అమ్మేయమంటావా?" ఊరు దాటి వెళ్ళకూడదని ఒట్టు వేయించుకున్నాను. అమ్మమని మాత్రం అనలేకపోయాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాల్వు మార్చిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం చూస్తే డబ్బా ముందు పెట్టుకుని మూత తీయకుండా కూర్చున్నారు. "నాకు చూపించండి, నేను చేస్తా" అన్నాను. నవ్వుతారనుకున్నాను. "చీర మార్చుకునిరా" అన్నారు.

బండిని నడిమి స్టాండు మీద పెట్టి ప్లగ్గు విప్పించారు. ఆ కన్నంలో కొబ్బరిబొండాం స్ట్రా దించమన్నారు. నాలుగో గేరులో పెట్టి వెనక చక్రం మెల్లగా తిప్పుతుంటే లోపల పిస్టనుతో పాటు స్ట్రా కూడా పైకి లేస్తుంది, అది ఇంక లేవదన్న చోట ఆపాలి. అక్కడ రెండు రాడ్లూ వదులుగా ఉంటే సరైన చోటే. బిగుసుకుని ఉంటే ఇంజను ఇంకో చుట్టు తిరగాలి. నేను మొదటిసారి తప్పు చుట్టులో ఆపాను లెండి. పక్కన ఉండే చిన్న మూత తీసేసరికి కింద పెట్టిన సత్తుపళ్ళెంలోకి నూనె కారింది. ఆ పళ్ళెం నాదే, అప్పడాలు వేయించి పెట్టుకునేది. పోతే పోయింది.

రాడ్డు పట్టుకున్నాను. తిరుగుతోంది. కానీ ఎంత తిరిగితే సరి? ఆయన మాటలతో చెప్పలేకపోయారు, వేళ్ళతో నేర్చుకున్నది కదా. చివరికి నాకే తోచింది. మా అమ్మ కంసాలి దగ్గర అనేది, ఉంగరం వేలికి తిరగాలి, జారకూడదు అని. అలా పట్టుకుని చూస్తే అర్థమైంది. లడ్డూకి తీగపాకం చూసే వేళ్ళు కదా నావి, అంత తేడా తెలుస్తుంది.

అసలు చిక్కు లాక్‌నట్టు బిగించేటప్పుడు. అప్పటిదాకా సరిగ్గా ఉన్నది ఆ బిగింపుకి మళ్ళీ మారిపోతుంది. ఒక పానా కదలకుండా పట్టుకోవాలి, రెండోదానితో బిగించాలి, మూడోది కూడా కావాలి. నాకున్నవి రెండు చేతులు. ఆయన కిందికి వంగి కింది పానా పట్టుకున్నారు. స్పర్శ లేదుగానీ పట్టు ఎక్కడికీ పోలేదు, గోడకి కొట్టిన మేకులా ఉంది. నాలుగుసార్లు విప్పి బిగించాం. అయ్యేసరికి పదకొండు. ఆ రోజు టిఫిను లేదు, ఎవరూ అడగలేదు.

ఆయన హ్యాండిలు దగ్గరున్న చిన్న లివరు నొక్కి, మీటరులో ముల్లు మధ్యకొచ్చాక ఒక్క కిక్కు కొట్టారు. అందుకుంది.

"చప్పుడొస్తోందా?" అన్నారు, చెవి ఆనించకుండానే.

"కొద్దిగా టకటకమంటోందండీ."

"రానీ."

ఇప్పుడు టాపెట్లు నా పని. రోజూ రాత్రి ఆయన పాదాలు టార్చిలైటు వేసి చూడడం కూడా నా పనే. అప్పుడు మాత్రం ఇంకా గోడవైపు తిరిగిపోతారు. నిన్న చిటికెనవేలి పక్కన బటాణీగింజంత పొక్కు కనిపించింది. కొత్త చెప్పు ఒరుసుకుంది, ఆయనకి తెలియలేదు. డాక్టరుకి చూపించి, ఆ చెప్పులు మార్చుకు రావడానికి ఈ సాయంత్రం వెళ్తున్నాం. బండి మీదే వెళ్దామన్నారు. కాలికి పొక్కుతో బండేంటి, ఆటోలో వెళ్దామన్నాను. ప్రస్తుతం మళ్ళీ మాటల్లేవు.