పళ్ళూడిన దువ్వెన

మా ఇంటి దూలానికి ఒక జత అడవిదున్న కొమ్ములు వేలాడుతుంటాయి. భద్రాచలం అడవి అంచున మా కోయపల్లెలో అలాంటివి ఇప్పుడు రెండు మూడిళ్ళలోనే ఉన్నాయి. మా తాతకు వాళ్ళ తాత ఇచ్చినవట. పెళ్ళిళ్ళకూ పండుగలకూ వాటిని తలకు బిగించి, నెమలీకలు దోపి, డోలు మెడలో వేసుకుని తాత ఆడుతుంటే ఆడవాళ్ళు రేల పాట అందుకునేవారు.

నేను ఇంటర్ పాసైన ఏడు పట్నం నుంచి ఒకాయన వచ్చి ఆ కొమ్ములకు వెల కట్టాడు. నా హాస్టలు ఖర్చు ఏడాదిపాటు వెళ్ళిపోయే డబ్బు అది. తాత మాత్రం, "ఇవి అమ్ముకుని ఏం పెట్టుకుని ఆడాలయ్యా?" అని పంపించేశాడు. చదువు విలువ తెలియని ముసలాడని రెండ్రోజులు నేను అన్నం మీద అలిగాను.

తర్వాత కాలేజీ లైబ్రరీలో ఒక కళాచరిత్ర పుస్తకం తిరగేస్తుంటే ఈజిప్టు దువ్వెన బొమ్మ కనబడింది. దంతంతో చేసింది. ఆరు సెంటీమీటర్ల ఎత్తయినా లేదు. వయస్సు సుమారు 5,200 ఏళ్ళు! అప్పటికి పిరమిడ్లు ఇంకా పుట్టనే లేదు. ఆ చిన్న ముక్క మీద వరసలు వరసలుగా జంతువులు: పాముల్ని తొక్కుతున్న ఏనుగులు, కొంగలు, జిరాఫీ, దుమ్ములగొండ్లు, పశువులు.

ఆ రోజుల్లో నైలు ఒడ్డువాళ్ళు ఏనుగు దంతంతోనూ, నీటిగుర్రం కోరలతోనూ దువ్వెనలు, గాజులు, గరిటెలు, కత్తిపిడులు చేసేవారు. చనిపోయినవారి పక్కన సమాధిలో పెట్టేవారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అలాంటి కత్తిపిడి ఒకటుంది. నీటిగుర్రం కోరపై ఒకవైపు పడవలతో సహా యుద్ధం, రెండోవైపు రెండు సింహాల నడుమ నిలబడ్డ మనిషి. కొమ్ము వేరు, దంతం వేరు. దంతమంటే పన్నే కదా! గట్టిగా, నున్నగా ఉంటుంది కనుకనే అంత సన్నని గీత కూడా వేల ఏళ్ళు నిలిచింది.

అయితే ఆ దువ్వెనకు ఇప్పుడు పళ్ళు లేవు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాంతో ఎవరూ తల దువ్వుకోరు. దాని మీద నడిచే ఏనుగులూ, జిరాఫీలూ ఆ లోయలోంచి ఎప్పుడో వెళ్ళిపోయాయి. బొమ్మ మిగిలింది, మృగం పోయింది, దువ్వుకున్న మనిషీ పోయాడు. తాత మాట అప్పుడు నాకు తగిలింది.

1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిదున్నను వేటాడటం నేరం. అది మంచిదే. దున్న బతకాలి. కాని కొత్త కొమ్ములు ఇక రావు. ఉన్నవాటినే తలనుంచి తలకు మార్చుకోవాలి.

తాత పోయాడు. మొన్న వేసవిలో చిన్నాయన కొడుకు పెళ్ళికి ఆ కొమ్ములు నా తలకు కట్టారు. అంత బరువుంటాయని తెలియదు. నాలుగుసార్లు అడుగు తప్పాను. ముసలమ్మలు పగలబడి నవ్వారు. రెండ్రోజులు మెడ తిప్పలేకపోయాను. అయినా వచ్చే ఏడు మళ్ళీ నేనే కట్టుకుంటానని ఇంట్లో ముందే చెప్పి వచ్చాను.