పాఠం మానని ప్రిన్సిపాల్ కావాలి

హైదరాబాద్‌లో ఓవైసీ ఆసుపత్రి కూడలి మీదుగా కంచన్‌బాగ్‌కు వస్తే మొదట ఎదురయ్యేది అబ్దుల్ కలాం పేరు. 2021 డిసెంబరులో ప్రారంభమైన మిధాని ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు. వంతెన దిగాక పొడవాటి ప్రహరీలు, వాటి మీద ముళ్లతీగ, ఫొటోలు తీయరాదన్న హెచ్చరిక బోర్డులు. పొద్దున డ్యూటీ వేళకు గేటు దగ్గర స్కూటర్లు బారులు తీరుతాయి. ఒక్కొక్కరూ హెల్మెట్ తీసి, మెడలోని కార్డు చూపించి లోపలికి కదులుతారు. క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. లోహ పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ 1963లో, భారత్ డైనమిక్స్ 1970లో, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని 1973లో ఏర్పడ్డాయి. బయటివారికి ఈ గోడల లోపలికి ప్రవేశం లేదు. నేను చూసిందీ గేటు బయటి నుంచే. గోడకు ఇవతల హఫీజ్ బాబానగర్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట. ఆ ఇళ్ల పిల్లల్లో ఎక్కువమంది చదివేది పాతబస్తీలోని చిన్న డిగ్రీ కాలేజీల్లోనే. బీఏలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి చెప్పే ఆ కాలేజీలను ఎవరు నడపాలి, ఎలా నడపాలి అన్న ప్రశ్నతోనే నేను ఇక్కడికి వచ్చాను. గోడ అవతలి సంస్థలు ఆ ప్రశ్నకు జవాబులో సగం చెబుతాయి. మిగతా సగం మన పాత కాలేజీల చరిత్రలో ఉంది.

ముందు ఇక్కడి సగం చూద్దాం. 1970ల్లో చేపట్టిన డెవిల్ క్షిపణి ప్రాజెక్టు లక్ష్యం చేరకుండానే ఆగిపోయింది. ఆ నిస్పృహలో ఉన్న డీఆర్‌డీఎల్‌కు 1982 జూన్‌లో కలాం డైరెక్టర్‌గా వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్‌తో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన జట్టుకు నాయకుడాయన. వచ్చాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, ల్యాబ్‌లోని సీనియర్ శాస్త్రవేత్తలతో క్షిపణి సాంకేతిక కమిటీ వేయడం. ముఖ్యమైన నిర్ణయాలు అక్కడ చర్చకు వచ్చేవి. మధ్యస్థాయి ఇంజినీర్లకూ వాటిలో భాగం దొరికింది. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మంజూరయ్యాక పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని ఒక్కోదానికి ఒక్కో ప్రాజెక్టు డైరెక్టర్‌ను పెట్టి బాధ్యత అప్పగించారు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. పక్కనున్న డీఎంఆర్‌ఎల్ కథా ఇలాంటిదే. దాన్ని నడిపిన వి.ఎస్. అరుణాచలం స్వయంగా లోహ శాస్త్రవేత్త. ఆయన తర్వాత వచ్చిన పి. రామారావు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన ఆచార్యుడు. 1999లో ఆయనే హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. పని తెలిసినవారే పెద్దలయ్యారు. పెద్దలయ్యాకా పనివాళ్ల మధ్యే ఉన్నారు. పని ఒక కొలిక్కి వచ్చేంత కాలం కుర్చీలో నిలిచారు. కంచన్‌బాగ్ బలంలో డబ్బు ఎంతుందో ఈ మూడూ అంతే ఉన్నాయని నా నమ్మకం.

ఇక్కడి పనిలో ఒక ఉదాహరణ మరీ ముఖ్యం. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ల్యాబ్‌కు వచ్చి, అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి కాంపోజిట్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. తర్వాత కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. పోలియో సోకిన పిల్లలు అక్కడ కిలోల బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. దాదాపు మూడు కిలోలున్న ఆ పరికరాన్ని అదే పదార్థంతో మూడు, నాలుగు వందల గ్రాములకు దించారు. క్షిపణి ఇంజినీరుకు, ఎముకల డాక్టరుకు సిలబస్‌లో చుట్టరికం లేదు. ఒకరి గదిలోకి మరొకరు వెళ్లగలిగే వాతావరణం ఉంది కాబట్టే అది సాధ్యమైంది. చరిత్ర మాస్టారు ఆర్థికశాస్త్రం క్లాసులో కూర్చోవడం, తెలుగు మేడం వృక్షశాస్త్రం వాళ్లతో కలిసి పిల్లలను పొలాలకు తీసుకెళ్లడం సరిగ్గా ఇలాంటివే. ఆర్ట్స్ కాలేజీ పుట్టిందే ఇందుకు. అలాంటి తలుపులు తెరిచి ఉంచడమే అక్కడ ప్రిన్సిపాల్ మొదటి పని. ఫైళ్లు ఆ తర్వాత.

ఇది మనకు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలకు, ఆ తర్వాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు 1919 దాకా కాకినాడలోనే ఉన్నారు. ఆడపిల్లలను కాలేజీలో చేర్చుకున్నారు. దళిత విద్యార్థుల చదువుకు అండగా నిలిచారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మీద ఆయన ముద్ర ఎంతటిదో సాహిత్య చరిత్ర చదివినవారికి తెలుసు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్లినా, తెలుగువాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది గురువుగానే. 1915లో మొదలైన మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల మరో ఉదాహరణ. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. అక్కడ బుధవారం సాయంత్రాల్లో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి కూర్చుని పాడుకునేవారు. 1919 ఫిబ్రవరిలో అక్కడ బస చేసిన రవీంద్రనాథ్ ఠాగూర్ అలాంటి ఒక సాయంత్రమే జనగణమన పాడి వినిపించారు. దానికి స్వరం రాసింది కజిన్స్ భార్య మార్గరెట్. గీతాన్ని ఠాగూర్ ఇంగ్లిషులోకి తెచ్చిందీ ఆ ఊళ్లోనే. మారుమూల ఊరి కాలేజీలో అది జరగడానికి పెద్ద నిధులేవీ కారణం కాదు. వారానికి ఒక సాయంత్రం అందరూ ఒకచోట చేరే అలవాటు, ఆ అలవాటును కాపాడిన పెద్ద ఉండటమే కారణం.

కంచన్‌బాగ్ నుంచి మూసీ ఒడ్డుకు వెళితే హైకోర్టు పక్కన సిటీ కాలేజీ కనిపిస్తుంది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఆ భవనం తోరణాల కింద నడుస్తుంటే, అధ్యాపకుడంటే ఎవరన్న ప్రశ్నకు ఒక జవాబు గుర్తుకొస్తుంది. కవి మఖ్దూం మొహియుద్దీన్ పూర్తికాల రాజకీయాల్లోకి వెళ్లేముందు ఇక్కడే పాఠం చెప్పారు. అలాంటి మనుషులు చిన్న జీతానికైనా ఒక కాలేజీని ఎంచుకోవాలంటే, తమతో వాదించగల సహోద్యోగులు, తమ మాట వినే పెద్ద ఉండాలి. ఇవాళ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఆ పరిస్థితి అరుదు. ప్రిన్సిపాల్ పదవి సీనియారిటీ మీద, చాలామందికి ఉద్యోగ విరమణ దగ్గరపడ్డాక వస్తుంది. కొన్నిచోట్ల ఇన్‌చార్జితోనే ఏళ్లు గడుస్తాయి. ప్రిన్సిపాల్ గది గోడ మీద పేర్ల పట్టిక రాయించడం మన కాలేజీల ఆనవాయితీ. ఆ పట్టిక కింది వరుసల్లో 'నుంచి', 'వరకు' గడులు చాలాచోట్ల ఏడాది, రెండేళ్లకు మించవు. ఇక పాఠం చెప్పేవారిలో కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లు ఎందరో. వచ్చే జూన్‌కు తాను ఇక్కడే ఉంటానో లేదో తెలియని మనిషి, మూడేళ్లు చదివే విద్యార్థి గురించి ఎలా ఆలోచిస్తాడు?

దీనికి అభ్యంతరాలున్నాయి, తేలిగ్గా తోసేయదగ్గవి కావు. మంచి పండితుడు మంచి పరిపాలకుడు కానక్కర్లేదన్నది మొదటిది. న్యాక్ గుర్తింపు తనిఖీలు, దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ బకాయిలు, కోర్టు కేసులు కవిత్వంతో తేలవు. నిజమే. కానీ ఆ పనులకు వైస్ ప్రిన్సిపాల్, సూపరింటెండెంట్, గుమాస్తాలు ఉన్నారు, లేనిచోట ఉండాలి. ఆఫీసు పని ఇంకొకరికి అప్పగించవచ్చు. అధ్యాపకులను ఒక జట్టుగా నిలపడం మాత్రం ఎవరికీ అప్పగించలేనిది. రెండోది డబ్బు. రక్షణ ప్రయోగశాలకు దేశ ఖజానా అండ ఉంది, డిగ్రీ కాలేజీకి సుద్దముక్కలకే వెతుకులాట. ఇదీ నిజమే, కాలేజీల బడ్జెట్ పెరగాలని నేనూ అంటాను. అయితే మదనపల్లె బుధవారాలకు గ్రాంటు అవసరం కాలేదు. డబ్బు లేనిచోట కూడా చేయగలిగినది చేయకపోవడాన్ని డబ్బు లేకపోవడం సమర్థించదు. మూడోది అన్నిటికన్నా గట్టిది. ఒక్క మనిషి మీద ఆధారపడ్డ సంస్థ ఆ మనిషి వెళ్లగానే కుంగిపోతుంది, ఎక్కువకాలం ఉంటే సొంత జాగీరవుతుంది. అందుకే గడువు కావాలి. యూజీసీ 2018 నిబంధనలు ప్రిన్సిపాల్‌కు ఐదేళ్ల పదవీకాలం పెట్టి, పనితీరు పరిశీలించాకే మరో ఐదేళ్లు ఇవ్వవచ్చన్నాయి. మూడు బ్యాచ్‌లను మొదటి నుంచి చివరి దాకా చూడటానికి ఐదేళ్లు చాలు, జాగీరు కట్టుకోవడానికి చాలవు. ఆ నిబంధనను అక్షరాలా పాటిస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది.

కంచన్‌బాగ్ పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. అక్కడ గమ్యం ముందే తెలుసు. క్షిపణి ఎగరాలి, లోహం వేడికి నిలవాలి. ఆర్ట్స్ కాలేజీకి అలాంటి ఒకే గమ్యం లేదు, ఉండకూడదు. హఫీజ్ బాబానగర్ అమ్మాయి బీఏ చదివి టీచరు కావచ్చు, లాయరు కావచ్చు, తన బస్తీ చరిత్ర రాయవచ్చు. ప్రయోగశాలలో రహస్యం అవసరం, తరగతి గదిలో అది విషం. కాబట్టి కాలేజీ పెద్దకు ల్యాబ్ డైరెక్టర్ కన్నా వినే ఓపిక ఎక్కువ కావాలి, ఎదురు ప్రశ్నలు భరించే గుండె కావాలి. ఆ రెండూ అలవడేది తరగతి గదిలోనే. అందుకే వారానికి కనీసం రెండు పీరియడ్లు ప్రిన్సిపాల్ స్వయంగా పాఠం చెప్పాలని నేనంటాను. టైంటేబుల్‌లో ఆయన పేరు కూడా ఉండాలి. పదిహేను రోజులకోసారి, రెగ్యులర్, కాంట్రాక్టు, గెస్ట్ అన్న తేడా లేకుండా అధ్యాపకులందరూ కూర్చుని, సర్క్యులర్లు పక్కనపెట్టి, ఏం చెబుతున్నాం, ఎందుకు చెబుతున్నాం అని మాట్లాడుకోవాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. కళాశాల విద్యా శాఖ ఐదేళ్ల పదవీకాలాన్ని నిక్కచ్చిగా అమలు చేసి, గెస్ట్ అధ్యాపకుల నియామకాన్ని ఏటేటా తెంచకుండా కొనసాగిస్తే మిగతాది కాలేజీల చేతిలోనే ఉంది. దేశ రక్షణకు పనికొచ్చిన పద్ధతి, గోడ ఇవతలి పిల్లల చదువుకు అక్కర్లేదనే హక్కు ఎవరికీ లేదు.