మోగని సైరన్

విశాఖపట్నానికి పడమటి అంచున, సింహాచలం కొండకు చేరువలో ఆర్.ఆర్. వెంకటాపురం ఉంది. 1961లో ఇక్కడ ప్లాస్టిక్ ముడిసరుకు కర్మాగారం వెలసింది. కాలక్రమాన నగరం పెరిగి, ఇళ్లు దాని ప్రహరీగోడ దాకా వచ్చాయి.

2020 మే 7 తెల్లవారుజామున, ఊరు గాఢనిద్రలో ఉండగా, అక్కడి ఒక ట్యాంకులోని స్టైరీన్ తనంతతానే రసాయన చర్యకు లోనై, వేడెక్కి, ఆవిరై వెలువడింది. విషగుణమూ మండే గుణమూ గల ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి ఎగసిపోక వీధుల వెంట నేలబారున పాకింది. మెలకువ వచ్చినవారు పరుగెత్తారు. పలువురు దారిలోనే సొమ్మసిల్లారు. పోలీసులు, ఇరుగుపొరుగువారు తలుపులు తట్టి, పడినవారిని చేతులపై మోసుకుపోయారు. పన్నెండుమంది మరణించారు. ట్యాంకులోని చర్యను అణచే రసాయనం గుజరాత్ నుంచి విమానంలో రావలసివచ్చింది.

కర్మాగారంలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నా, అది మోగనేలేదని విచారణసంఘం తేల్చింది.

విషవాయువు వెలువడినప్పుడు ప్రజలు పాటించవలసినవి కొద్దే: నిప్పు రాజేయరాదు, ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకోవాలి, గాలివాటుకు అడ్డంగా సాగి మెరక చేరాలి. అయితే ఇవన్నీ మేల్కొన్నవారికే సాధ్యం. నిద్రిస్తున్న ఊరికి మొట్టమొదట కావలసింది ఆ కూత.