కొట్టేసినా పోనిది

ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 బై ఎక్స్ మైనస్ 3. లవాన్ని కారణాంకాలుగా విడగొట్టి, పైనా కిందా ఉన్న ఎక్స్ మైనస్ 3ని కొట్టేస్తే మిగిలేది ఎక్స్ ప్లస్ 3. హాయిగా ఉంటుంది. కానీ ఎక్స్ విలువ 3 అయితే అసలు భిన్నంలో హారం సున్నా, దానికి అర్థమే లేదు. కొట్టేసిన ముక్క కనపడదు, దాని షరతు మాత్రం పోదు.

మా పల్నాడులో బ్రహ్మనాయుడి చాపకూడు కథ వింటూనే పెరిగాం. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్నాయంటారు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ బంతి సాగుతుంది. నా స్నేహితులూ ‘మాకు కులం పట్టింపు లేదు’ అంటారు. నిజమే. హాస్టల్లో, ఆఫీసులో, టీకొట్టు దగ్గర లెక్క సరిపోతుంది. ఇంట్లో పెళ్లి మాట వచ్చిన రోజునే ఎక్స్ విలువ 3 అవుతుంది.

అందుకే జవాబు పక్కన ‘ఎక్స్ 3 కాకూడదు’ అని రాయడం నాకు ముఖ్యం. అది రాయకపోతే రెండూ ఒకటేనని నమ్మేస్తాం.