గోదావరి ఒడ్డున పుట్టి, ఫ్రాన్సులో భద్రమైన పేర్లు

కాకినాడ నుండి బస్సులో దక్షిణంగా బయలుదేరి, కోరంగి దాటితే కాసేపటికి యానాం వస్తుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ఈ చిన్న పట్టణం. మాట తెలుగే, పంట కాలువలూ కొబ్బరితోటలూ మనవే. అయినా 1954 వరకు ఇక్కడ పాలన ఫ్రెంచివారిది. 1929లో శారదా చట్టం వచ్చాక, చిన్నపిల్లల పెళ్ళిళ్ళకు బ్రిటిషు ప్రాంతాల వారు ఇక్కడికి వచ్చేవారట. అందుకే దీనికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది.

మేము గౌతమీ గోదావరి ఒడ్డున నడిచి, ఫ్రెంచివారి కాలపు సెయింట్ ఆన్స్ దేవాలయం చూచి, పాత వీధిలో ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి పెద్దాయన ట్రంకుపెట్టెలోంచి ఒక దస్తావేజు తీశారు. అంచులు చెదలు తిన్నాయి. "ఇది మా తాతగారు కొన్న స్థలానిదండి. ఫ్రెంచిలో ఉంది. ఇందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు" అన్నారు. ఇంటి హద్దులు తేల్చడానికి ఆ కుటుంబానికి మిగిలిన ఆధారం ఆ ఒక్క కాగితమే.

గోదావరి ముఖద్వారంలో కాగితం నిలవడం కష్టం. ఉప్పుగాలి, చెదలు, వరదలు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను పొరుగునున్న కోరంగి రేవునే నాశనం చేసింది. అయినా యానాం పేర్లు చాలా మిగిలాయి. ఎలాగంటే, 1776లో ఫ్రెంచి రాజు పదహారవ లూయీ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. వలసల్లోని బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లకూ, నోటరీ పత్రాలకూ మరొక ప్రతి తయారుచేసి ఫ్రాన్సుకు పంపాలన్నాడు. ఒక చోట పోయినా మరొక చోట ఉంటుందన్నమాట!

ఆ ప్రతులు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులోని ఎక్సాన్ ప్రోవాన్స్‌లో, జాతీయ విదేశీ వలసల దఫ్తరఖానాలో ఉన్నాయి. పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్ల పుటల బొమ్మలను వారు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. యానాం పేరుతో వేరుగా చూడవచ్చు. అయితే వెతికేవారు ఫ్రెంచి వర్ణక్రమం తెలుసుకోవాలి. సుబ్బారావు అనే పేరులోని 'సు'ను ఎస్, యు అని కాక, ఎస్, ఓ, యు అని వ్రాసేవారు.

ఇవి కేవలం వేడుకకు చూచే పుటలు కావు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమలుకు వచ్చినప్పుడు, ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు భారతీయులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోగోరినవారు ఆరు నెలల్లో వ్రాతపూర్వకంగా తెలుపవలసి వచ్చింది. తాత ఎక్కడ పుట్టాడు, ఎక్కడ కాపురమున్నాడు అనే ఒక్క వరుస మనుమల బ్రతుకును ఏ దేశంలో ఉంచుతుందో నిర్ణయించింది.

ప్రియ పాఠకులారా, మన ఇండ్లలోనూ అటువంటి పెట్టెలున్నాయి. మన సంఘాల బీరువాల్లో పాత బాప్తిస్మ రిజిస్టర్లున్నాయి. పెద్దల అనుమతితో ప్రతి పుటనూ ఫోటో తీయండి. వెనుకవైపు కూడా తీయండి, ముద్రలు అక్కడ ఉండవచ్చు. ప్రతులను రెండు వేర్వేరు ఊళ్ళలో ఉంచండి. బ్రతికి ఉన్నవారి వివరాలు బయట పెట్టకండి. అసలు కాగితాన్ని మాత్రం పారవేయవద్దు. చదవగల పెద్దలు ఉండగానే ప్రక్కన కూర్చుని, ఆ పేర్లు ఎవరివో అడిగి వ్రాసుకోండి.