ఉత్తమ అవార్డు మర్నాడు

2019 ఆగస్టు 15న మహబూబ్‌నగర్‌లో మంత్రి చేతుల మీదుగా ఉత్తమ కానిస్టేబుల్ అవార్డు అందుకున్నాయన, 16న ఇసుక ట్రాక్టర్ యజమాని దగ్గర 17 వేలు తీసుకుంటూ ఏసీబీకి దొరికాడు. షికాగోలో మా పాలమూరోళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త నవ్వుల బొమ్మలతో రోజంతా తిరిగింది. కాగితాలన్నీ ఉన్నా వేధిస్తున్నాడన్నది ఆ యజమాని ఫిర్యాదు. ఆ ముక్క దాకా ఎవరూ చదివినట్టు లేదు.

అంతకు నెల ముందే కేశంపేట. రంగారెడ్డి జిల్లాలో కలిపారు గానీ మా లెక్కలో అది పాలమూరే. పాసుపుస్తకం సరిచేయడానికి రైతు దగ్గర 4 లక్షలు తీసుకుంటూ వీఆర్వో పట్టుబడ్డాడు. ఆ వెంటనే తహసీల్దారు ఇల్లు సోదా చేస్తే 93 లక్షలకు పైగా నగదు దొరికింది. ఆ అధికారికీ అంతకుముందు ఉత్తమ అవార్డు వచ్చింది. అవార్డులకు పేర్లు రాసిపంపేదెవరో మరి!

పాసుపుస్తకం లేకుంటే బ్యాంకులో పంట రుణం పుట్టదు, అప్పట్లో రైతుబంధూ వచ్చేది కాదు. ఆ పథకం కింద సర్కారు ఎకరానికి ఏటా 10 వేలు ఇస్తానంటుంటే, ఆ పైకం అందాలంటే ముందు 4 లక్షలు తెమ్మంది ఆఫీసు. బోర్లెండి ముంబైకో పుణెకో వలసపోయే ఊళ్లలో ఈ మాట! అసెంబ్లీలో ఎంత మంచి పథకం పెట్టినా, అది రైతుకు దక్కాలా వద్దా అని తేల్చేది మండలాఫీసు బల్ల దగ్గరే.

2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు ఓటు రేటు మీద మావాళ్లు వేసిన జోకులకు లెక్కలేదు. ప్రతి సంతకానికీ రేటు కట్టి అలసిపోయిన మనిషి, తన చేతిలో ఉన్న ఒక్క ఓటుకూ రేటు అడిగితే వింతేముంది?

‘ఇక్కడ ఇట్ల ఉండదు’ అంటారు మా మిత్రులు. మేముండే ఇల్లినాయ్‌లోనే లంచాలకు డ్రైవింగ్ లైసెన్సులు అమ్మారు. 1994లో మిల్వాకీ దగ్గర లారీ నుంచి ఊడిపడిన ఇనుప ముక్క తగిలి ఒక వ్యాను తగలబడి, ఒకే కుటుంబంలో ఆరుగురు పిల్లలు పోయారు. ఆ లారీ డ్రైవర్‌ది లంచం లైసెన్సే. తీగ లాగుతూ పోతే 76 మంది దోషులుగా తేలారు. అప్పట్లో లైసెన్సులిచ్చే శాఖను ఏలి, తర్వాత గవర్నరైన జార్జ్ రయాన్‌కూ ఆరున్నరేళ్ల జైలు పడింది. తేడా ఏమన్నా ఉంటే, తీగ కింది ఉద్యోగి దగ్గర తెగకపోవడంలోనే.

మన దగ్గర వీఆర్వో వ్యవస్థను 2020లో రద్దు చేశారు. భూముల రికార్డులకు ధరణి వచ్చింది, పోయింది, భూభారతి వచ్చింది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచమిచ్చినోడూ నేరస్తుడే, బలవంతపెడితే ఇచ్చి వారంలోగా ఫిర్యాదు చేస్తే తప్ప. ఈ సంగతి మా విందుల్లో ఎవరికీ పట్టదు. బిర్యానీ తింటూ ఒకాయన ఊరికి ఫోన్ కలుపుతాడు: “ఎంతడిగితే అంత ఇచ్చేయ్ బావా, నేను పంపిస్త. నాకు లీవు లేదు.” అవతల బావ నసుగుతాడు: “అమెరికా పార్టీ అని తెలిసింది, డబుల్ అడుగుతున్రు.”